ఆడపడుచు సంతకం
(ఏలూరులో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు వేదిక మీద పెద్ద అక్షరాల్లో ఉంది. నేను మాత్రం ఆయన్ని ఏనాడూ పేరుపెట్టి అనలేదు. ఏలూరు కోర్టులో కొత్తగా నల్లకోటు తొడుక్కున్న నాటి నుంచి ఆయన నాకు లేఖరి గారే. ఇవాళా అలాగే అంటాను. ఆయన జీవితమంతా రిజిస్ట్రారాఫీసు ఎదుట చిన్న గదిలో దస్తావేజులు రాస్తూ గడిచింది. ఆయన రాసిన దస్తావేజు కోర్టు దాకా వచ్చిందంటే మా ప్లీడర్లకి దిగులే. తగాదాకి సందు దొరికేది కాదు.

ఆస్తి హక్కుల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అంత పెద్ద విషయం నాకు వద్దు. ఒక్క కాగితం గురించే మాట్లాడతాను. దాన్ని మనవాళ్లు రిలీజు దస్తావేజు అంటారు. కాగితం మీద హక్కు విడుదల దస్తావేజు అని ఉంటుంది. ఇళ్లలో మాత్రం దానికి పేరే ఉండదు, "చెల్లెమ్మ సంతకం కావాలి" అంటారు, అంతే.

తండ్రి పోతారు. పెద్దకర్మ అవుతుంది. భోజనాలు ముగిసి చుట్టాలు బస్సులెక్కాక అన్నయ్య నెమ్మదిగా అంటాడు: "రేపొకసారి ఆఫీసుకి రావాలమ్మా, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకో." ఆమె వెళ్తుంది. కెమెరా ముందు కూర్చుంటుంది, వేలిముద్ర వేస్తుంది, చూపించిన చోటల్లా సంతకం పెడుతుంది. ఇంటికొచ్చాక వదిన చీర పెట్టి బొట్టు పెడుతుంది. ఆ కాగితాల్లో ఏముందో ఆమె చదవదు. చదివి వినిపించమని అడిగితే అనుమానించినట్టు ఉంటుందని అడగదు కూడా.

ఆ సంతకం పెట్టకూడదని నేను అనను. ఈ జిల్లాలో ఎందరో ఆడపిల్లలు మనస్ఫూర్తిగా, కళ్లు తెరిచి, తమ్ముడి ఇల్లు నిలబడాలని వాటా వదులుకున్నారు. అది గొప్ప ప్రేమ. లేఖరి గారు చెప్పిందీ, ఇవాళ నేను చెప్పదలుచుకున్నదీ ఒకటే: ఇచ్చే మనిషికి తాను ఏం ఇస్తోందో, ఎంత ఇస్తోందో తెలియాలి. తెలియకుండా తీసుకున్న సంతకం ఆమెకీ నష్టమే, తీసుకున్న అన్నదమ్ములకీ నష్టమే. రెండో సంగతి చాలామందికి తట్టదు.

ముందు ఆ దస్తావేజు ఏం చేస్తుందో చూద్దాం. ఒకే ఆస్తిలో వాటా ఉన్న నలుగురిలో ఒకరు, "నా వాటా మీద నాకు గాని నా వారసులకు గాని ఇకపై ఏ హక్కూ లేదు" అని రాసి తప్పుకోవడమే విడుదల. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం 100 రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తిలో హక్కును తీసేసే కాగితం రిజిస్టరు కావాలి. పెద్దమనుషుల సమక్షంలో తెల్ల కాగితం మీద రాసుకున్న "నాకేమీ వద్దు" అన్న మాటతో హక్కు పోదు. ప్రతిఫలం లేకుండా ఒప్పందం చెల్లదనేది కాంట్రాక్టు చట్టం సాధారణ సూత్రం. దగ్గరి బంధువుల మధ్య సహజమైన ప్రేమాభిమానాలతో రాసి రిజిస్టరు చేసినదాన్ని అదే చట్టం 25వ సెక్షన్ మినహాయించింది. మన దస్తావేజుల్లో కనిపించే "ప్రేమాభిమానములచేత" అన్న మాట అలంకారం కోసం పెట్టింది కాదు, దాని వెనక చట్టం ఉంది.

ఇక లెక్క. తాడేపల్లిగూడెంలో ఒక డాబా ఇల్లు అనుకోండి. ఉల్లిపాయల మార్కెట్లో వ్యాపారం చేసి ఇంటిపెద్ద సొంత సంపాదనతో కట్టుకున్నారు. వీలునామా రాయకుండా కన్నుమూశారు. భార్య ఉంది, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. వెనక గదిలో మంచం మీద ఆయన తల్లి కూడా ఉంది. ఈ ఇల్లు ఎన్ని వాటాలు? వీధిలో ఎవర్ని అడిగినా రెండంటారు. కొంచెం చదువుకున్నవాళ్లు మూడంటారు. 1956 హిందూ వారసత్వ చట్టం లెక్కలో అయిదు. భార్య, తల్లి, ఇద్దరు కొడుకులు, కూతురు, అందరికీ సమానంగా అయిదో వంతు. పెళ్లయిందా, కట్నం ఇచ్చారా, పసుపు కుంకుమ కింద ఎకరం రాసిచ్చారా అనే ప్రశ్నలు ఆ చట్టం లెక్కలో లేవు.

మంచం మీది నాయనమ్మని మర్చిపోవడం నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు. ఆమె సంతకం తీసుకోకుండానే కొడుకులు ఇల్లు తమ పేరున రాయించుకుంటారు. రెండేళ్లకి ఆమె పోతుంది. ఆమె అయిదో వంతు ఆమె పిల్లలందరికీ, అంటే ఈ పిల్లల చిన్నాన్నకీ, మేనత్తలకీ, పోయిన కొడుకు పిల్లలకీ పంచబడుతుంది. పాతికేళ్ల తర్వాత ఆ డాబా పడగొట్టి అపార్ట్‌మెంటు కడదామని బిల్డరు వస్తాడు. బ్యాంకు లాయరు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మంటాడు. అందులో నాయనమ్మ పేరు ఉంటుంది, దస్తావేజులో ఉండదు. అప్పుడు హైదరాబాదులో ఉన్న మేనత్త మనవడి సంతకం కోసం తిరుగుతారు.

ఇల్లు అనే ఆస్తికి ప్రత్యేకంగా ఒక చరిత్ర ఉంది, దాని దగ్గర కాసేపు ఆగుతాను. 1956 చట్టం కూతురికి తండ్రి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది గాని, 23వ సెక్షన్‌లో ఒక గొళ్లెం పెట్టింది. కుటుంబం నివసించే ఇంటిని పంచమని కూతురు అడగడానికి లేదు. మగవారసులు ఎప్పుడు పంచుకుంటే అప్పుడే ఆమె వాటా చేతికొస్తుంది. ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా పెళ్లి కాని కూతురికి, భర్త వదిలేసిన లేదా భర్త నుంచి విడిపోయిన కూతురికి, విధవరాలైన కూతురికి మాత్రమే. వాటా ఉంది, అడిగే నోరు లేదు. 49 ఏళ్లపాటు ఈ దేశంలో పుట్టింటి మీద ఆడపిల్ల హక్కు ఇలా నడిచింది. పుట్టింటి ఇంట్లో వాటా అడగడం మర్యాద కాదనే ఆలోచన మన ఇళ్లలో అంత గట్టిగా పాతుకుపోవడానికి సంప్రదాయం ఒక్కటే కారణమని నేననుకోను. చట్టమే అలా నేర్పింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకొచ్చిన సవరణ ఆ సెక్షన్ని పూర్తిగా తొలగించింది. ఇవాళ చెల్లెలు ఇంటిని పంచమని అడగొచ్చు.

పిత్రార్జితం సంగతి వేరు. అందులో మన రాష్ట్రం ముందుంది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి, ఆనాటికి పెళ్లి కాని కూతుళ్లను కొడుకులతో సమానంగా ఉమ్మడి కుటుంబ వాటాదారుల్ని చేసింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఇక్కడా ఒక బాధ మిగిలింది. ఒకే తండ్రి కూతుళ్లలో 1985 వేసవిలో పెళ్లయిన అక్కకి లేని హక్కు, మరుసటేడు పెళ్లయిన చెల్లెలికి వచ్చింది. 2005 సవరణ ఆ తేడా చెరిపేసింది. తండ్రి 2005 నాటికి బతికుండాలా వద్దా అన్న చిక్కును సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తీర్చింది: ఉండనక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిపోయిన పంపకాలను మాత్రం కదిలించకూడదు. అన్నదమ్ములు ఇప్పుడు ఆడపడుచు సంతకం కోసం ఇంత పట్టుగా ఉండటానికి కారణం ఇదే. ఒకప్పుడు అక్కర్లేని సంతకం ఇప్పుడు లేకపోతే ఇల్లు అమ్ముడుపోదు, లోను రాదు.

లేఖరి గారి పద్ధతి చెప్తాను. రిలీజు దస్తావేజు రాయించుకోవడానికి అన్నదమ్ములు వస్తే ముసాయిదా రాసేవారు. ఆడపడుచు వచ్చిన రోజు అన్నదమ్ముల్ని "టీ తాగి రండి బాబూ" అని బయటికి పంపేసేవారు. ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి మొదటి పేజీ నుంచి చివరి దాకా పైకి చదివేవారు. హద్దులతో సహా. తూర్పున మునిసిపల్ రోడ్డు, దక్షిణాన ఫలానావారి ప్రహరీ, అలా. ఎందుకండీ హద్దులు కూడా అని నేను ఒకసారి అడిగాను. "ఆ ఇంట్లో పెరిగిన పిల్ల కదమ్మా. హద్దులు వింటే ఏ ఇల్లో కళ్లముందుకొస్తుంది. ఆమె వదులుకుంటున్నది ఆ ఇల్లు, సర్వే నంబరు కాదు" అన్నారు. చదవడం అయ్యాక ఒక ప్రశ్న అడిగేవారు: "ఇదంతా ఇప్పటి రేటుకి ఎంతవుతుందో తెలుసామ్మా?" ఆమె తెలియదంటే ఆయనే కాగితం ముక్క మీద లెక్క కట్టి, ఆమె వాటా రూపాయల్లో వేసి చేతికిచ్చేవారు. దాన్ని చూసి కూడా సంతకం పెట్టినవాళ్లే ఎక్కువ. కొందరు మాత్రం "రేపు మా ఆయనతో మాట్లాడి వస్తానండి" అని లేచేవారు. అన్నదమ్ములకి కోపం వచ్చేది. కొందరు ఇంకో లేఖరి దగ్గరికి పోయేవారు. ఆయన తన పద్ధతి మార్చుకోలేదు.

అక్షరం రాని ఆడమనిషికి చదివి వినిపించకుండా, సలహా అడిగే వీలివ్వకుండా పెట్టించిన వేలిముద్రను కోర్టులు ఇప్పటికీ అనుమానంతోనే చూస్తాయి. ఆమెకి అర్థమైందని నిరూపించే బరువు చాలాసార్లు తీసుకున్నవాళ్ల మీద పడుతుంది. కాబట్టి లేఖరి గారు చేసిన పని ఆడపడుచుకే కాదు, ఆ కుర్రాళ్లకీ మేలే. ఆయన చదివి వినిపించిన దస్తావేజు మీద "నాకు తెలియక పెట్టాను" అని దావా వేయడానికి ఎవరికీ వీలుండేది కాదు.

తల్లి విషయంలో ఆయన ఇంకా పట్టుదల మనిషి. కొడుకులు తల్లి చేత కూడా విడుదల రాయించుకుంటారు, ఎలాగూ మాకేగా అని. "అమ్మా, రేపటి నుంచి మీరు ఈ ఇంట్లో ఎవరి హక్కు మీద ఉంటారు?" అని అడిగేవారు ఆవిణ్ణి. ఆవిడ కొడుకు మొహం చూసేది. అప్పుడు ఆయన ఒక పేరా కలిపేవారు: బతికున్నంతకాలం ముందు గది, వంటిల్లు వాడుకునే హక్కు ఆమెకి ఉందని, కొడుకులు ఆమె తిండి, మందులు చూడాలని, ఆ షరతు మీదే ఈ దస్తావేజు రాస్తున్నామని. ఆ పేరా విలువ ఎంతో ఆయన పోయిన తర్వాత సుప్రీంకోర్టు తీర్పుల్లో చూశాను. 2007లో వచ్చిన వృద్ధుల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామనే షరతు మీద ఆస్తి తీసుకుని చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. 2022 డిసెంబరులో సుదేశ్ చికారా కేసులో ఒక తల్లి కూతుళ్లకి రాసిచ్చిన రిలీజు దస్తావేజు సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఆ షరతు ఉన్నట్టు చూపలేకపోవడంతో ఆమె ఓడిపోయింది. కూతుళ్లకి రాసినా కొడుకులకి రాసినా సూత్రం ఒకటే. ఆ తర్వాత 2025 జనవరిలో వేరే కేసులో ఇదే కోర్టు ఈ చట్టాన్ని ఉదారంగా చదవాలంది. అయినా ముసలితనంలో తల్లిని కోర్టు ఉదారత మీద వదిలేయడం కంటే దస్తావేజులో నాలుగు వాక్యాలు రాయడం మేలు.

తల్లి వాటా గురించి ఇంకో మాట. మన డాబా ఇంటి లెక్కకే వద్దాం. కూతురు తన అయిదో వంతు వదులుకుంది. దస్తావేజులో "ప్రస్తుతం ఉన్న, ఇకముందు రాబోయే సమస్త హక్కులు" అని కూడా రాశారు. పిల్లల తల్లి తన అయిదో వంతు ఎవరికీ రాయకుండా పోయిందనుకోండి. ఆ వాటా ఇద్దరు కొడుకులకీ కూతురికీ సమానం. అంటే ఇంట్లో పదిహేనో వంతు మళ్లీ ఆడపడుచుకి వచ్చింది. ముందే వదులుకుంది కదా అంటే, బతికున్నవాళ్ల ఆస్తి మీద వారసుడికున్న ఆశ బదిలీ చేయదగ్గ ఆస్తి కాదని 1882 ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. డబ్బు పుచ్చుకుని మాటిచ్చినవాళ్లు తర్వాత అడ్డం తిరగరాదన్న తీర్పులూ ఉన్నాయి, అవి ఆయా కేసుల వాస్తవాల మీద నిలబడ్డవి. అన్నదమ్ములకి తెలియాల్సింది ఇదే: తండ్రి పోయినప్పుడు తీసుకున్న ఒక్క సంతకంతో ఇల్లు పూర్తిగా వాళ్లది కాదు.

నేను చెప్పిన వాటాలు హిందువులవి. ఏలూరులోని క్రైస్తవ కుటుంబాల్లో 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకి మూడో వంతు పోగా మిగిలింది కొడుకులకీ కూతుళ్లకీ సమానం. తివాచీలు నేసే మన ముస్లిం కుటుంబాల్లో కూతురి వాటా కొడుకు వాటాలో సగం. వాటా ఎంతైనా, చదివి వినిపించాల్సిన పని మారదు.

మాటల విషయంలో కూడా జాగ్రత్త కావాలి. "అన్నయ్యకి వద్దులే, వదిన పేరున రాద్దాం" అంటారు. వదినకి ఆ ఇంట్లో అంతకుముందు వాటా లేదు, విడుదల అనేది ఉన్న వాటాదారు కోసం తప్పుకోవడం. వదినకి ఇవ్వాలంటే దాన దస్తావేజు రాసుకోవాలి. పేరు రిలీజు అని పెట్టినా లోపలి మాటలు బదిలీ చేసేవిగా ఉంటే కోర్టు దాన్ని బదిలీగానే చదవొచ్చని కుప్పుస్వామి చెట్టియార్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అలా అని పదాలతో పందెం కాయడం ఎందుకు? ఏ కాగితం కావాలో అదే రాయించుకుంటే పోతుంది.

కొల్లేరు వైపు వస్తే కథ వేరు. ప్రత్తికోళ్లలంకలోనో, గుడివాకలంకలోనో ఇంటి మీద హక్కు విడుదల అంటే ముందు ఏ హక్కు అన్న ప్రశ్న వస్తుంది. చాలా ఇళ్లకి పన్ను రసీదు, కరెంటు బిల్లు తప్ప మరో కాగితం లేదు. పన్ను రసీదు అనుభవానికి సాక్ష్యమే గాని, హక్కు పత్రం కాదు. కొల్లేరు చుట్టూ పేదలకిచ్చిన డీ పట్టా భూములు 1977 అసైన్డు భూముల చట్టం కిందికి వస్తాయి: బిడ్డలకి సంక్రమిస్తాయి, అమ్మకానికి పనికిరావు. 2023 సవరణ కొంత సడలించింది గాని ఏ సర్వే నంబరుకి వర్తిస్తుందో విడివిడిగా చూసుకోవాలి. 1999లో కొల్లేరు అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అందులోని చేపల చెరువుల గట్లు తెంచేశారు. ఆ గట్ల మీద వాటాలు పంచుకుని, చెల్లెళ్ల చేత స్టాంపు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్న కుటుంబాలు లంకల్లో ఉన్నాయి. చెరువు పోయింది, చెల్లెలి దగ్గర తీసుకున్న కాగితం పెట్టెలో ఉంది. విడుదల దస్తావేజు లేని హక్కుని పుట్టించదు. ఉన్నదాన్ని ఒకరి నుంచి ఇంకొకరికి చేరుస్తుంది. లంకల్లో ఆడపడుచు సంతకం అడిగే ముందు తహసీల్దారు ఆఫీసులో ఆ స్థలం ఏ ఖాతాలో ఉందో, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి.

ఇక మన పిల్లలున్న అమెరికా. అక్కడ క్విట్‌క్లెయిమ్ డీడ్ అని ఒకటుంది. "ఈ ఇంట్లో నాకేదైనా హక్కుంటే అది నీకిచ్చేశాను, ఉందని మాత్రం హామీ ఇవ్వను" అనే కాగితం. భార్యాభర్తల మధ్య, విడాకులప్పుడు, కుటుంబ ట్రస్టులోకి ఇల్లు మార్చుకునేటప్పుడు వాడతారు. డాలస్‌లో ఉన్న మన అమ్మాయిలు దాన్ని సంతకం చేసి, ఇక ఇంటితో నాకు సంబంధం లేదనుకుంటారు. ఇంటి మీది హక్కు పోతుంది గాని బ్యాంకు లోను పోదు, లోను పత్రం మీద సంతకం అలాగే ఉంటుంది. హక్కు పోయి అప్పు మిగలడం కంటే అన్యాయం ఏముంది? ఆ నమూనా కాగితాన్నే నింపి తాడేపల్లిగూడెం ఇంటి కోసం పంపినవాళ్లూ ఉన్నారు. ఇక్కడి ఇంటికి ఇక్కడి చట్టం ప్రకారం, ఇక్కడి రిజిస్ట్రారాఫీసులో రిజిస్టరైన దస్తావేజే కావాలి. రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది అక్కడి నోటరీ ముందో, భారత కాన్సులేట్‌లోనో సంతకం చేసినదై ఉండాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఆ పవర్ అన్నయ్యకే ఇచ్చి, అన్నయ్య ఆమె తరఫున తనకే విడుదల రాసుకోవడం లేఖరి గారు ఒప్పుకునేవారు కాదు. నేనూ ఒప్పుకోను. ఆ ఒక్క ఆస్తికీ, ఆ ఒక్క పనికీ పరిమితం చేసి, ఇందులో లాభం లేని మనిషికి ఇవ్వాలి.

సభ మొదలుకాక ముందు బయట వరండాలో ఒకమ్మాయి నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఆమెకి మాటిచ్చాను, ఇక్కడే జవాబు చెబుతానని. రెండేళ్ల కింద సంతకం పెట్టిందట. ఏముందో చదవలేదట. వెనక్కి తీసుకోవచ్చా అని. అమ్మాయ్, నువ్వొక్కదానివే రిజిస్ట్రారాఫీసుకి వెళ్లి రద్దు దస్తావేజు రాసుకోవడం కుదరదు. మోసం చేసి పెట్టించారని, లేదా లోపలి సంగతి దాచారని నీ దగ్గర ఆధారముంటే, ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్లలో సివిల్ కోర్టుకి వెళ్లాలి. గడువు దాటనివ్వకు. మోసం లేదు, చదవడం నువ్వే మానేశావంటే కోర్టులో నిలవడం కష్టం. అప్పుడు ముందు మీ అన్నయ్యతో కూర్చో. ఆయన ఒప్పుకుంటే దాన దస్తావేజుతో నీ వాటా నీకు తిరిగి రాసివ్వొచ్చు, అలా రాసిచ్చిన అన్నయ్యల్ని నేను చూశాను. సర్టిఫైడు కాపీ తీసుకుని మీ అమ్మగారు సంతకం పెట్టారో లేదో చూడు. పెట్టకపోతే ఆవిడ వాటా ఇంకా ఆవిడదే. దఖలు (సెటిల్‌మెంటు) దస్తావేజు రాస్తారో, వీలునామా రాస్తారో, ఏమీ రాయకుండా ఊరుకుంటారో ఆవిడ ఇష్టం. ఆ మాట ఆవిడకి తెలిసేలా చెప్పు.